తడి పడుగుకు అవతల ఆగిన ఊరేగింపు

మా వీధి పొడవెంత అని ఎవరైనా అడిగితే గజాల్లో చెప్పడం మాకు రాదు. పడుగుల్లో చెప్పేవాళ్ళం.

నేత తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తాను. చీరలో నిలువుగా పోయే పోగులన్నీ కలిపితే పడుగు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధిలో ఆ కొస నుంచి ఈ కొసకు కర్రల మీద బిగించి, గంజి పట్టించి, అటొకరూ ఇటొకరూ నిలబడి పెద్ద కుంచెతో ఆరేదాకా దువ్వాలి. తెల్లవారుజామున చేసే పని అది. ఎండ పైకెక్కితే గంజి ఒక్కసారిగా బిర్రబిగుసుకుంటుంది, పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. తర్వాత మగ్గం మీద అడుగడుగునా తెగుతాయి. అందుకే తడి పడుగు వీధిలో ఉన్నంతసేపు దాన్ని ఎవరూ దాటరు. సైకిలు మీద వచ్చేవాడు దిగి పక్కసందులో నుంచి పోతాడు. శవం కూడా చుట్టూ తిరిగే పోయేది. దేవుని పల్లకీ వచ్చినా, పీర్లు వచ్చినా మలుపులో ఆగి, ‘ఆరిందా?’ అని కేక వేసి అడిగేవాళ్ళు. ఆరలేదంటే నిలబడేవాళ్ళు. ఎవరి గౌరవమూ తగ్గేది కాదు.

కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న మా నేతపేటలో ఇప్పుడు వీధి పడుగు లేదు. మిల్లులోనే గంజి పెట్టి, బీము అనే ఇనప రోలరుకు చుట్టి పంపిస్తున్నారు. వీధికి సిమెంటు వచ్చింది. మోటారు సైకిళ్ళు ఎవరినీ ఏమీ అడగకుండా దూసుకుపోతాయి. పొద్దున లేచి వాకిట్లో నిలబడితే వీధి అంత ఖాళీగా ఉండడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ ఖాళీలో నాకు ఒక పొద్దు కనిపిస్తుంది, ఆ పొద్దులో నా భార్య కనిపిస్తుంది. ఆమె పేరు ఇక్కడ రాయను. తన పేరు నా పేరు పక్కన అచ్చు కావడం ఆమెకు ఎప్పుడూ ఇష్టం లేదు. ‘నా పేరును దాని కాళ్ళ మీద దాన్ని నిలబడనీయయ్యా’ అనేది.

నేను పెద్ద బళ్ళలో చదివినవాణ్ణి కాను. పలక చేతిలో ఉండగానే తీసుకొచ్చి మగ్గం గుంతలో కూర్చోబెట్టారు. నేత సాగని ఏళ్ళలో బేతంచెర్ల పోయి నాపరాళ్ళ పాలిషు పని చేశాను. పని దిగినాక ఒంటి మీది తెల్లటి బురద కడుక్కొని రైల్వే స్టేషన్ బెంచీ మీద కూర్చుని, ప్రయాణికులు వదిలేసి పోయిన పేపర్లు చదివేవాణ్ణి. కర్నూలులో పాత పుస్తకాల అంగడి ముందు నిలబడి చదువుతుంటే అంగడాయన, ‘ఏమప్పా, కొంటావా, ఈడనే నమిలి మింగుతావా?’ అని కసిరేవాడు. నమిలి మింగిన చదువే నాది. వరస లేదు, పట్టా లేదు. కానీ జర్మనీ సంగతి తెలుసు, ఇటలీ సంగతి తెలుసు. ఒక దేశం మొత్తం తన చెవులను ఒకే గొంతుకు ఎట్లా అప్పజెప్పిందో తెలుసు. ఎమర్జెన్సీలో మా నేతగాళ్ళు గోడ మీద రాసుకున్న రాతలకు తెల్లారేసరికి సున్నం పడిన సంగతి మరిచిపోలేదు. ఆ సున్నం ఎవరు కొట్టారని అడగడానికి ఎవరూ నోరు తెరవకపోవడమూ మరిచిపోలేదు.

ఆమె చదువు వేరే దారిన వచ్చింది. సారా అంగళ్ళు మూయించాలని ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకొని తిరిగిన కాలంలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంది. తర్వాత ఆగలేదు. ఆడవాళ్ళు నడిపే పత్రికలు, చిన్న చిన్న పుస్తకాలు కడప నుంచి తెప్పించుకునేది. చదివినదాన్ని నాతో పోట్లాడి సరిచూసుకునేది. మా కాపురమంతా ఒక పొడుగాటి వాదన అనుకోవచ్చు. అందులో ఎవరు గెలిచారని అడగొద్దు. నేను గెలిచిన పూట కూడా కూరలో ఉప్పు ఎక్కువయ్యేది.

ఒకసారి ఫాసిజం మీద ఒక లావు పుస్తకం తెచ్చి ఆమెకు చదివి వినిపించాను. దారం చుట్టుకుంటూనే మధ్యాహ్నమంతా విన్నది. అయిపోయినాక అడిగింది:

‘ఇంత పుస్తకంలో ఒక్క ఆడమనిషన్నా నోరు తెరిసిందా?’

‘ఇది రాజకీయాల పుస్తకం.’

‘ఆ దేశాల్లో అన్నం ఎవరు వండిరి మరి? బిడ్డల్ని కని పటాలాలకు ఎవరు పంపిరి? వాళ్ళను పంపించేదానికి ముందర తల్లులకు ఏం చెప్పి ఒప్పించిరి? అది కదా నాకు కావాల్సింది.’

‘రాసినాయన్ను అడుగు పో.’

‘ఆయప్ప సచ్చి శానా కాలమైంటుంది. నువ్వు బతికుండావు గదా, నిన్ను అడుగుతాండా.’

నేను మార్కెట్టు గురించి, మూతబడిన మిల్లుల గురించి, పని లేని కుర్రాళ్ళ కోపం గురించి చెప్పుకుంటూ పోయాను. ఆమె కాదనలేదు. ‘పని లేకుంటే కోపమొస్తాది, నిజమే. మాకూ పని ల్యా గదయ్యా. మేం ఎవురి ఇంటి ముందర పోయి జెండాలు ఊపినాం?’ అంది.

మా సీమలో ముఠాల కాలం మేమిద్దరం చూశాం. పెద్ద ఇంటి ముందు మగవాళ్ళు చేతులు కట్టుకొని నిలబడేది, ఆ ఇంటి ఆడవాళ్ళు కిటికీ సందులోంచి చూసేది, వాళ్ళ మొగుళ్ళ శవాలు వచ్చినప్పుడు మాత్రం వాళ్ళను వాకిట్లోకి రానిచ్చేది. ఎవడి ఇంటి ఆడదాన్ని ఎవడో ఏదో అన్నాడని ఊళ్ళు తగలబడేవి. ఆ ఆడదాన్ని మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నా భార్య లెక్కలో ఇప్పటి ఈ జెండాల గొడవకు నారు అక్కడే పోశారు. ‘ఊరికి ఒక మగోడు సాలని నమ్మినోళ్ళకు దేశానికి ఒక మగోడు సాలని నమ్మేది కష్టమా?’ అనేది. నేను చదివిన లావు పుస్తకాల్లో ఎక్కడా ఈ వాక్యం లేదు. ఉండాల్సింది. లేనందుకు నాకు ఇప్పటికీ ఆ పుస్తకాల మీద కోపం.

ఇక ఆ పొద్దు సంగతి.

మా వీధిలో ముస్లింల ఇల్లు ఒక్కటే, మా ఎదురిల్లు, అద్దెది. ఆ ఇంటామె భర్త మంగంపేట ముగ్గురాయి లారీల మీద డ్రైవరు, నడివయసు రాకముందే పోయాడు. పిల్లలు లేరు. ఆమె అరుగు మీద రాట్నం పెట్టుకొని వీధిలోని మగ్గాలకు దారపు కండెలు చుట్టి బతికేది. నా భార్య ఆమెను వదినా అనేది, ఆమె నన్ను అన్నా అనేది. వీధిలో చిన్నవాళ్ళందరికీ ఆపా, అంటే అక్క. సాయంత్రమైతే మా ఆడపిల్లలు కాలేజీ నుంచి వచ్చి ఆ అరుగు మీద చేరేవాళ్ళు. కండెలు చుట్టేవాళ్ళు, జాకెట్టు చేతుల మీద పువ్వులు కుట్టడం నేర్చుకునేవాళ్ళు, ఒకరి ఫోను ఒకరు లాక్కొని పగలబడి నవ్వేవాళ్ళు. మగవాడు అటు పోతే నవ్వు ఆగిపోయేది, దాటి పోయినాక మళ్ళీ లేచేది. మన గురించేనేమో అని అనుమానం వచ్చేది. మన గురించే అయి ఉంటుంది.

ఆ సంవత్సరం మా పేటలో కొత్తగా ఒక కమిటీ పుట్టింది. మా తమ్ముని కొడుకు అందులో ముఖ్యుడు. ఫోన్లకు రీచార్జులు చేసే చిన్న అంగడి వాడిది. చెడ్డవాడు కాదు. మగ్గం మీద కూర్చోవడం నామోషీ, వేరే పని దొరకలేదు, ఒంటికి పట్టిన ఖాళీని ఎవరో వచ్చి జెండాతో నింపారు. వాడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొని ఇంటింటికీ వచ్చాడు. చెప్పులు బయట విడిచి, దండం పెట్టి మరీ మాట్లాడాడు.

‘పెదనాయనా, మన ఆడపిల్లోళ్ళను ఆ ఇంటికి పంపొద్దండి. కాలం మంచిగ ల్యా. ఆదివారం పొద్దున ర్యాలీ పెట్టినాం, మన ఈది మీదనే వస్తాది, ఆ ఇంటి ముందర రవ్వంతసేపు నిలబడుతాం. మన ఆడోళ్ళకు మేముండాం అని తెలియాల కదా.’

పక్క ఊళ్ళో ఇట్లాంటి ర్యాలీయే కొన్ని అంగళ్ళ ముందు రవ్వంతసేపే నిలబడింది. మర్నాడు ఆ అంగళ్ళ షట్టర్లు వంగిపోయి ఉన్నాయి. ఎవరు వంచారో ఎవరూ చూడలేదట.

మా కుల పెద్దలు కూర్చున్నారు. గుడి మెట్ల మీద కబుర్లలో మాత్రం పులులు ఈ పెద్దలు. నాకు వాళ్ళ మాటలు ఇప్పటికీ చెవిలో గింగురుమంటాయి. ‘మనకెందుకప్పా. ఆ పొద్దు ఆడోళ్ళను లోపలుండమను. తలుపులేసుకుంటే అయిపోతాది.’ తలుపులు వేసుకోవడం అనే ఒక్క ఉపాయం తప్ప ఇన్నేళ్ళలో వీళ్ళకు ఇంకోటి తట్టలేదు. నేను లేచి గట్టిగా అరిచాను. కలెక్టరుకు అర్జీ రాస్తానన్నాను. రాశాను కూడా. దాన్ని తీసుకున్న గుమాస్తా చదవకుండానే టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

ఆ ఇంటామె సామాన్లు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆదోనిలో ఉన్న తమ్ముడు ఆదివారం తెల్లారి వ్యాను పంపుతానన్నాడు. ఒకసారి పోతే మళ్ళీ రాదని వీధికంతా తెలుసు. ఆమెకూ తెలుసు. నా భార్య వెళ్ళేసరికి ఇత్తడి బిందెలో చీరలు కుక్కుతూ ఉందట. ఆ మాటలు నా భార్య ఎన్నిసార్లు చెప్పిందో, నేనే అక్కడ ఉన్నట్టు అయిపోయింది నాకు.

‘ఏం వదినా, బిందెలో బట్టలు పెడితే నీళ్ళు యాడ పోస్తావు?’

‘ఎగతాళి వద్దు వదినా. నా వల్ల మీ ఈదిలో గలాటా ఎందుకు? రేపు మీ పిల్లోళ్ళను ఎవరన్నా ఒక మాటంటే నేను తల యాడ పెట్టుకోవాల?’

‘వాళ్ళు ముందర నీ ఇంటికి రాలేదు. మా ఇళ్ళకొచ్చి, మా బిడ్డలు యాడికి పోవాల్నో, యాడ కూసోవాల్నో చెప్పి పోయినారు. గలాటా నీది కాదు, మాది. నువ్వు పోతే అది పోదు. ఇంగో అరుగు ఎతుక్కుంటాది.’

‘అయితే ఏం చేస్తావు? రాళ్ళకు ఎదురు నిలబడుతావా?’

‘ఏం చేయాల్నో తెల్దు. సాయంత్రం అందర్నీ పిలుస్తా. నువ్వు టీ పెట్టు. బిందె ఖాళీ చేయి ముందు, అందులోనే నీళ్ళు కావాల.’

ఆ సాయంత్రం అరుగు నిండింది. నేను మా వాకిట్లో కూర్చొని పేపరు అడ్డం పెట్టుకొని విన్నాను. వాళ్ళు ఉపాయం గురించి మాట్లాడుకుంటారనుకున్నాను. నా భార్య ఉపాయం ఎత్తలేదు. ‘ముందర ఒకటి చెప్పండి. ఎవురూ మనకు కాపలా కాయకపోతే, ఎవురూ మనల్ని యాడికని అడగకపోతే, మీకేం కావాల? పెద్దది సిన్నది అని సూడొద్దు. నోటికొచ్చింది చెప్పండి’ అంది.

ముందుగా ఒకామె, అప్పటికే మనవళ్ళను ఎత్తినామె, ‘నాకు వాకిట్లో కాళ్ళు సాపుకొని కూసోవాలనుండాది. మామ పోయినాడన్న మాట ఇంకా చేరలేదు నా కాళ్ళకు’ అంది. అందరూ నవ్వారు. ఒకమ్మాయి ఒంటరిగా సినిమాకు పోవాలంది. ఇంకొకామె, ఆడవాళ్ళమే అందరం మహానంది పోయి, ఆ కోనేటి నీళ్ళలో చెయ్యి నానేదాకా కూర్చోవాలి, ‘టైమైంది రా’ అని పిలిచే మగవాడు ఒక్కడూ ఒడ్డున ఉండకూడదు అంది. నా భార్య కోరికా అదేనని అప్పుడే నాకు తెలిసింది. ఇన్నేళ్ళ కాపురంలో నాతో అనలేదు. పోదాం పోదాం అని వాయిదాలు వేసుకున్నారు. ఆ ప్రయాణం జరగనే లేదు.

చివరికి అందరూ ఆ ఇంటామె వైపు చూశారు. ఆమె టీ గ్లాసును చేతిలో తిప్పి, ‘ఎండకాలం రాత్రి తలుపు తీసి పెట్టుకొని పండుకోవాల నేను. ఈ ఇంట్లోనే’ అంది.

పేపరు వెనక నా కళ్ళు మసకబారాయి. ఫాసిజం గురించి అంత చదివిన నేను దాన్ని ఎదిరించాలంటే దాని గురించే మాట్లాడాలి అనుకునేవాణ్ణి. వీళ్ళు దాని పేరు కూడా ఎత్తకుండా, అది ఉండలేని వీధిని ముందుగా కట్టుకుంటున్నారు, టీ తాగుతూ. భయం మాత్రమే ఉన్నవాళ్ళు తలుపులు వేసుకుంటారు. ఏదో కావాలనుకున్నవాళ్ళు ఆలోచిస్తారు. నా భార్య నాకు ఎప్పుడూ సూత్రాలు చెప్పలేదు. ఇది నేను వాకిట్లో కూర్చొని తేల్చుకున్నది.

ఉపాయం ఆ తర్వాత వచ్చింది. ఎవరి నోట్లోంచి వచ్చిందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు, అందరూ తమదే అంటారు. ఆదివారం ర్యాలీ వేళకు వీధి పొడవునా పడుగులు తీయాలి.

‘ఆ టయానికి ఎండ నెత్తి మీదుంటాది. పడుగులు సర్వనాశనం’ అంది ఒకామె.

‘పాత దారాలతో ఉత్తుత్తి పడుగులు కడదాం’ అంది కాలేజీ పిల్ల.

‘ర్యాలీలో వచ్చేది ఎవురే? మన కడుపున పుట్టినోళ్ళే. దొంగ పడుగు దూరం నుంచే పసిగడతారు. దాటినా తప్పు ల్యా అనుకుంటారు’ అంది నా భార్య. ‘అసలుదే పెట్టాల. పోతే పోనీ.’

ఎవరి పడుగు పోగొట్టుకుంటారు? అప్పుడు మా తమ్ముని భార్య, అంతవరకూ మూలన తల వంచుకొని కండె చుట్టిన మనిషి, ర్యాలీ నాయకుని తల్లి, తల ఎత్తకుండానే, ‘మలుపు కాడ మొదటిది నాది పెట్టుకోండి’ అంది.

ఆదివారం పొద్దున ఆదోని వ్యాను వచ్చింది. డ్రైవరును కూర్చోబెట్టి టిఫిన్ పెట్టారు. వీధిలో ఆ కొస నుంచి ఈ కొస దాకా పడుగులు లేచాయి, రెండు వరసలుగా, పిల్లి దూరడానికి కూడా సందు లేకుండా. కుంచె పట్టడం మా వీధిలో ఎప్పుడూ మగవాళ్ళ పనే. ఆ పొద్దు ఆడవాళ్ళు కొంగులు నడుముకు చుట్టి కుంచెలు పట్టారు. నాకు గంజి కుండలు మోసే ఉద్యోగం ఇచ్చారు. ఎండ ఎక్కుతున్నకొద్దీ గంజి ఆరిపోతోంది. ఆరితే దాటొచ్చు కదా అనే భయంతో వాళ్ళు మళ్ళీ గంజి, మళ్ళీ గంజి పోయించారు.

‘అమ్మా, ఇది పడుగు కాదు, అప్పడం అయితాండాది’ అన్నాను.

‘అయితే ఏంచుకొని తిందువులే, పట్రా కుండ’ అంది నా భార్య.

డప్పుల శబ్దం వచ్చే బాక్సులు పెట్టిన వ్యాను ముందు, మోటారు సైకిళ్ళు వెనుక, జెండాలు. మలుపు తిరిగి ఆగిపోయాయి. పాట మాత్రం ఆగలేదు. మా తమ్ముని కొడుకు బండి దిగి ముందుకొచ్చాడు. మొదటి పడుగు వైపు చూశాడు. రంగు గుర్తుపట్టాడు. కుంచె అవతలి కొస పట్టుకున్నది వాడి తల్లి.

‘ఏందిమ్మా ఇది? ఈ ఎండలో ఎవరన్నా పడుగు తీస్తారా?’

వాళ్ళమ్మ దువ్వుతూనే ఉంది. వాడు నా భార్య వైపు తిరిగాడు.

‘పెద్దమ్మా, నీ పనే గదా ఇది. రవ్వంతసేపు ఎత్తించు. పోతాం.’

‘తడిగుండాది నాయనా. ఎట్లెత్తేది? సుట్టూ తిరిగి పోండి. దేవుడు తిరిగిపోయినాడు, మీకేమి?’

‘సుట్టూ పోతే ఆ ఇల్లు రాదు గదా!’

‘యా ఇల్లు?’

వాడు మెడలోని కండువా సర్దుకున్నాడు.

‘ఆడోళ్ళను కాపాడేదానికొచ్చినాం అని మైకులో అంటాండారు. శానా సంతోషం. మేమందరం ఈడనే ఉండాం. మేం అడిగేదొక్కటే, ఈ పడుగు తొక్కొద్దండి. ఇది కాపాడండి సాలు.’

వెనకాల నవ్వు వినపడింది. ర్యాలీలోంచే. వాళ్ళలో సగం మంది చిన్నప్పుడు తడి పడుగు కింద దూరి చెంపదెబ్బలు తిన్నవాళ్ళే. పోలీసు జీపు కూడా వచ్చింది. ఎస్సై దిగి, రోడ్డు తెరవమన్నాడు. ఆరినాక తెరుస్తామన్నారు. ఎప్పుడారుతుందన్నాడు. ఒక ముసలామె ఆకాశం వైపు చూసి, ‘దేవుని దయ సారూ’ అంది. నా చేతిలో కుండ ఉంది, అందులో ఇంకా సగం గంజి ఉంది.

ఆ గుంపులో ఒకడు నేతవాడు కాదు, ఎక్కడి నుంచో వచ్చినవాడు. ఉపన్యాసం ఇవ్వడానికి పిలిపించారేమో. వాడికి విసుగొచ్చింది. ‘ఏందప్పా, దారాలకు భయపడేది!’ అని పంచె ఎగ్గట్టి కాలు ఎత్తాడు. మా తమ్ముని కొడుకు వాడి భుజం పట్టి వెనక్కి గుంజాడు.

‘దాటొద్దన్నా.’

‘ఏమయితాది దాటితే?’

‘దాటొద్దు అంటాండా గదా.’

వాడి గొంతు వాడికే కొత్తగా వినిపించి ఉంటుంది. తల్లి కుంచె ఆపి వాడి వైపు చూసింది. వాడు ఆమె వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, బండ్లు తిప్పమని చెయ్యి ఊపాడు. ఇరుకు మలుపులో అన్ని బండ్లు తిరగడానికి చాలాసేపు పట్టింది. ఒకదానికొకటి తగులుకున్నాయి, తిట్టుకున్నారు. ఆ బాక్సుల వ్యాను రివర్సులో పోతూ కూడా అదే పాట పాడుకుంటూ పోయింది.

అంతటితో ప్రపంచం మారిపోయిందని నేను రాయను. నా భార్యను, ఇంకో ఇద్దరిని రోడ్డు అడ్డగించారని స్టేషనుకు పిలిచి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. మా తమ్ముని కొడుకు చాలా రోజులు ఇంట్లో అన్నం ముట్టలేదు. ఆ పడుగులు నేసిన నెలల్లో ప్రతి మగ్గం నుంచీ నా భార్యకు తిట్లు వినపడేవి. పోగు తెగిన ప్రతిసారీ ఎవరో ఒకరు, ‘ఓ మహాతల్లీ!’ అని పెద్దగా పిలిచేవాళ్ళు. ఆమె మా మగ్గం నుంచి, ‘ఆఁ, ఈడనే ఉండాలే!’ అని పలికేది. ఆదోని వ్యాను డ్రైవరు మధ్యాహ్నం అన్నం కూడా తిని, ఖాళీ బండితో వెళ్ళిపోయాడు. ఎండాకాలంలో ఎదురింటి తలుపు తెరిచి ఉండేది. లోపల ఫ్యాను తిరిగే శబ్దం మా మంచం దాకా వినపడేది.

ఆ తర్వాత నా భార్యకు జబ్బు చేసింది. కర్నూలు పెద్దాసుపత్రి, కడప, మళ్ళీ కర్నూలు. అక్కడి మంచం మీద కూడా పక్క మంచం ఆమెతో ఏదో వాదిస్తూనే ఉంది. ఆమె పోయిన రోజున స్నానం చేయించే ఆడవాళ్ళలో ఎదురింటామె కూడా కొంగు బిగించి నిలబడింది. కుల పెద్ద ఒకాయన దగ్గి, ఏదో అనబోయాడు. మా తమ్ముని భార్య చెంబు చేతిలో పట్టుకొని, ‘బావా, ఇది ఆడోళ్ళ పని, నువ్వు అవతలికి పో’ అంది. ఆయన పోయాడు. నేనూ పోయాను.

అప్పటి నుంచి నాకు వాదించడానికి మనిషి లేదు. కొత్త పుస్తకం ఏదైనా చదివితే, ఆమె అడగబోయే ప్రశ్న ఏ పుట దగ్గర వస్తుందో తెలుసు నాకు. అక్కడ ఆగుతాను. ప్రశ్న రాదు. ఒక్కోసారి నేనే పైకి అడుగుతాను, ఆమె గొంతుతో. బాగుండదు. ఆ గొంతులో వెటకారం నాకు పట్టుబడదు. దేశం గురించి ఎన్నో మాటలు వింటున్నాను టీవీలో. ప్రతి మాటా ఒక మగ గొంతు, ప్రతి గొంతూ ఎవరినో కాపాడుతోంది. ఒళ్ళు మండి టీవీ కట్టేస్తాను. కట్టేసిన తర్వాత వచ్చే నిశ్శబ్దం ఇంకా కష్టం.

ఈ మధ్య మళ్ళీ మొదలైంది. ఈసారి ర్యాలీ లేదు, జెండాలు లేవు. ప్రొద్దుటూరులో ఉండే ఇంటి యజమానికి ఎవరో మెల్లగా చెవిలో వేశారు, ఆ ఇల్లు ఖాళీ చేయిస్తే బాగుంటుందని. ఆయన ఫోను చేసి, కొడుకు వస్తాడు, ఇల్లు కావాలి అన్నాడట. ఎదురింటామె వచ్చి నాతో చెప్పింది. ‘ఇప్పుడు వదిన కూడా ల్యా గదన్నా’ అంది. నేను ఎంత ఆలోచించినా నాకు తట్టింది మళ్ళీ అర్జీయే.

రెండు మూడు రోజులు నిద్ర పట్టలేదు. నిన్న సాయంత్రం ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ళు చేరడం చూశాను. కోడళ్ళు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలు, బట్టల అంగళ్ళలో పనిచేసి వచ్చినవాళ్ళు. మా తమ్ముని భార్య మధ్యలో కూర్చుంది. నేను తువ్వాలు భుజాన వేసుకొని, అర్జీ మొదటి వాక్యం మనసులో తయారుచేసుకుంటూ వెళ్ళాను.

‘ఆ ఇంటి సంగతి కలెక్టరు దాకా తీసుకుపోదాం’ అన్నాను.

‘అది అయిపోయింది మామా’ అంది మా తమ్ముని కోడలు.

‘ఏమైంది?’

‘పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరు పోయింటిమి. అందరం. ఆ ఇంటాయప్ప పెండ్లాంతో, వాళ్ళ అత్తతో పొద్దు తిరిగేదాకా మాట్లాడినాం. ఆపా యాడికీ పోదు.’

‘ఏం మాట్లాడినారు?’

‘మామా, నీకెందుకు అవన్నీ?’

ఎదురింటామె గడప మీద కూర్చొని నా వైపు చూసి నవ్వింది. నెత్తిన కొంగు జారి ఉంది, సర్దుకోలేదు. ‘పోన్నా, నిద్రపో. కండ్లు సూడు ఎట్లుండాయో’ అంది.

‘మరి అయిపోతే ఇప్పుడెందుకు కూర్చున్నారు?’

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాలేజీ పిల్ల చేత్తో నోరు మూసుకుంది. ‘వేరే సంగతి మాట్లాడుకుంటాండాం. మాలో మేము. నువ్వు లోపలికి పో బావా’ అంది మా తమ్ముని భార్య, కుల పెద్దతో అన్నంత మెత్తగానే.

వెనక్కి వచ్చాను. నేను వీధి దాటకముందే నవ్వు లేచింది. అన్నం వార్చుకున్నాను, తినబుద్ధి కాలేదు. తలుపు తీసి పెట్టి మంచం మీద కూర్చున్నాను. ఏం అడుగుతున్నారో, ఏం కావాలనుకుంటున్నారో, ఒక్క మాటా అర్థం కావడం లేదు. నవ్వు మాత్రం అలలు అలలుగా వస్తోంది. నా భార్య ఉంటే అక్కడే, మధ్యలో ఉండేది. పొద్దుపోయి ఇంటికి వచ్చేది. ‘ఏం మాట్లాడుకున్నారు?’ అని నేను అడిగేవాణ్ణి. చెప్పేది కాదు. కాళ్ళు కడుక్కుంటూ తనలో తాను నవ్వుకునేది. ఆ చెప్పకపోవడం కోసం చాలాసేపు కూర్చున్నాను.